ఇళ్లు ఒత్తుగా లేస్తే ధరలు ఎటు?

ఎకరం నేల మీద ఎన్ని ఇళ్లు ఉన్నాయో చెప్పే లెక్కే ఇళ్ల సాంద్రత. జనసాంద్రతకు ఇది దగ్గరిదే గానీ రెండూ ఒకటి కావు. ఒకే ఇంట్లో పదిమంది సర్దుకుంటే జనసాంద్రత పెరుగుతుంది, ఇళ్ల సాంద్రత పెరగదు. అదే చోట రెండు ఇళ్లు లేచి అయిదుగురు చొప్పున విడిపోతే ఇళ్ల సాంద్రత రెట్టింపవుతుంది, జనం మాత్రం అంతే ఉంటారు. కుటుంబాలు చిన్నవైపోతున్న కాలంలో ఒక పట్టణానికి ఎన్ని ఇళ్లు కావాలో జనాభా లెక్క ఒక్కటే చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఇళ్లు ఒత్తుగా ఉన్నచోట ధర పెరుగుతుందా, తగ్గుతుందా? శ్రీకాకుళం, విజయనగరం వంటి పట్టణాల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. అపార్టుమెంట్లు రావడం మొదలయ్యాకే వీధిలో గజం ధర పెరిగిందని స్థలం ఉన్నవారు అంటారు. అవి వచ్చాక వీధి ఇరుకై, నీళ్లు చాలక, తమ ఇంటి విలువ పడిపోతుందని పక్కింటివారు భయపడతారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ధర అంటున్నప్పుడు మనసులో ఉండే లెక్కలు మూడు: గజం స్థలం ధర, చదరపు అడుగు కట్టడం ధర, ఒక కుటుంబం సొంత ఇంటికి పెట్టవలసిన మొత్తం. సాంద్రత పెరిగినప్పుడు ఈ మూడూ ఒకే దారిన నడవవు.

మధ్యగతం చెప్పేది, చెప్పనిది

ఒక పట్టణంలో ఇళ్ల విలువ ఎంత అన్నది చెప్పడానికి సగటు కంటే మధ్యగతం మేలైన కొలత. ఇళ్లన్నిటినీ విలువ ప్రకారం వరుసలో పెడితే సరిగ్గా నడుమ ఉన్న ఇంటి విలువే మధ్యగతం. ఊళ్లో నాలుగు కోట్ల మేడ ఒకటి లేస్తే సగటు పైకి ఎగురుతుంది. మధ్యగతం దాదాపుగా కదలదు. సామాన్య కుటుంబం ఉండే ఇంటి విలువ దీనితోనే బాగా తెలుస్తుంది.

అయితే మధ్యగతానికి ఒక పరిమితి ఉంది. ఒక వీధిలో అయిదు ఇళ్లు ఉన్నాయనుకోవాలి. వాటి విలువలు 40, 50, 60, 70, 90 లక్షలు. మధ్యగతం 60 లక్షలు. అందులో 40 లక్షల పాత పెంకుటిల్లు తీసేసి, ఆ స్థలంలో 35 లక్షల ఫ్లాట్లు ఎనిమిది కట్టారు. ఇప్పుడు వీధిలో ఇళ్లు 12, మధ్యగతం 35 లక్షలు. మిగిలిన నాలుగు ఇళ్లలో ఒక్కదాని విలువ కూడా రూపాయి తగ్గలేదు. పెంకుటింటి స్థలం విలువ పెరిగింది కూడా. అయినా వీధి మధ్యగతం 25 లక్షలు పడిపోయింది. మారింది ఏ ఇంటి ధరా కాదు, వీధిలో ఉన్న ఇళ్ల కూర్పు.

దీనికి ఎదురుగా కూడా జరుగుతుంది. చిన్న ఇళ్లు, ఫ్లాట్లు కట్టనివ్వని పట్టణంలో పెద్ద ఇళ్లే మిగులుతాయి కాబట్టి మధ్యగతం ఎక్కువగా కనిపిస్తుంది. అది ఊరి కలిమి అనిపిస్తుంది. నిజానికి చిరుద్యోగులు, దుకాణాల్లో పనిచేసేవారు, కొత్తగా పెళ్లయినవారు ఆ ఊళ్లో సొంత ఇల్లు కొనుక్కోలేక బయటికి పోయారన్నమాట. అందుకే మధ్యగతం పడిందన్న వార్త వినగానే దిగులు పడనక్కర్లేదు, పెరిగిందన్న వార్త వినగానే సంబరపడనక్కర్లేదు.

గజం పెరుగుతుంది, ఇల్లు అందుతుంది

నేల ధర ఎలా నిర్ణయమవుతుందో వివరించిన వారిలో అమెరికా ఆర్థికవేత్త విలియం అలాన్సో ముఖ్యుడు. 1964లో వచ్చిన ఆయన గ్రంథం సారం ఇది: పని, బజారు, బడి, ఆసుపత్రి ఉన్న చోటికి దగ్గరయ్యే కొద్దీ నేల కోసం పోటీ పెరుగుతుంది, ధర పెరుగుతుంది. ధర పెరిగినచోట ఒక్కో కుటుంబం తక్కువ నేలతో సరిపెట్టుకుంటుంది. అంటే సాంద్రత వల్ల ధర పెరగడం ఎంత నిజమో, ధర వల్ల సాంద్రత పెరగడం అంతే నిజం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల, విజయనగరంలో గంట స్తంభం, మూడు లాంతర్ల పరిసరాల్లో మేడలు మీదికి పెరగడానికి మూలం ఇక్కడే ఉంది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. గజం 20,000 రూపాయలున్న చోట 200 గజాల్లో విడి ఇల్లు కట్టుకోవాలంటే స్థలానికే 40 లక్షలు కావాలి. 1,200 చదరపు అడుగుల కట్టడానికి అడుగుకు 2,000 చొప్పున 24 లక్షలు. మొత్తం 64 లక్షలు. అదే వీధిలో 500 గజాల స్థలంలో పది ఫ్లాట్లు వస్తే ఒక్కో ఫ్లాటుకు స్థలంలో విడదీయరాని వాటా 50 గజాలు, అంటే 10 లక్షలు. కట్టడం ఖర్చు అంతే అనుకున్నా ఫ్లాటు 34 లక్షలకు తయారవుతుంది. బిల్డరు లాభం, లిఫ్టు, పార్కింగు ఖర్చులు కలిపినా విడి ఇంటి కంటే చాలా తక్కువే.

ఇప్పుడు గజం 30,000 అయిందనుకుంటే విడి ఇల్లు 84 లక్షలకు చేరుతుంది. ఫ్లాటు 39 లక్షల దగ్గర ఆగుతుంది. గజం ధర సగం మేర పెరిగినా ఫ్లాటు కొనేవారి మీద పడిన భారం అయిదు లక్షలే. నేల భారాన్ని పదిమంది పంచుకోవడమే సాంద్రత చేసే మేలు. స్థలం యజమానికి కూడా ఇది లాభమే. ఒక ఇల్లు మాత్రమే పట్టే స్థలానికి, పది ఇళ్లు పట్టే స్థలానికి బిల్డరు ఒకే ధర ఇవ్వడు. స్థలం ఇచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకునే డెవలప్‌మెంట్ ఒప్పందాలు చిన్న పట్టణాల్లోనూ అలవాటైనది ఇందుకే.

రెండు జిల్లాల తీరు

శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2011 జనగణన నాటికి శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. విజయనగరం జిల్లా జనాభా 23,44,474. మొదటి జిల్లాలో నూటికి 16 మంది, రెండో జిల్లాలో నూటికి 21 మంది మాత్రమే పట్టణవాసులు. 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో విజయనగరం జిల్లా జనాభా నాలుగు శాతం పైచిలుకు మాత్రమే పెరిగింది. శ్రీకాకుళంలో ఆ పెరుగుదల ఆరున్నర శాతం. పని కోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ దేశాలకు వెళ్లిపోయేవారు ఎక్కువ కావడం దీనికి ఒక పెద్ద కారణం.

జనం అంతగా పెరగని జిల్లాల్లో పట్టణ స్థలాల ధర ఎందుకు పెరుగుతుంది? వలస వెళ్లినవారు సంపాదన తెచ్చి సొంత జిల్లా కేంద్రంలోనే స్థలం కొంటారు. పల్లెలో పొలం ఉన్నవారు పిల్లల చదువుల కోసం పట్టణంలో ఇల్లు చూసుకుంటారు. రిటైరైన ఉద్యోగులు ఆసుపత్రికి దగ్గరగా ఉండాలనుకుంటారు. ఉమ్మడి కుటుంబం విడిపోయి ఒక ఇంటి అవసరం మూడు ఇళ్ల అవసరం అవుతుంది. 2011లో విజయనగరం పట్టణ జనాభా 2,28,025, శ్రీకాకుళం పట్టణ జనాభా 1,25,939. ఈ రెండు పురపాలక సంఘాలూ 2015లో నగరపాలక సంస్థలయ్యాయి.

ఒత్తుగా ఉండటం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ఇక్కడి పల్లెల్లో గోడకు గోడ ఆనించి, వీధికి రెండు వైపులా వరుసగా కట్టిన ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. ముందు అరుగు, లోపలికి పొడుగ్గా సాగే గదులు, వెనక పెరడు. అంతస్తులు లేకుండానే ఎకరంలో చాలా కుటుంబాలు కాపురం ఉండే పద్ధతి ఇది. విజయనగరం కోట చుట్టూ పెరిగిన పాత పేటలు, నాగావళి ఒడ్డున ఉన్న శ్రీకాకుళం పాత వీధులు ఇరుకుగా ఉన్నా నడిచి బజారుకు వెళ్లగలిగేంత దగ్గరలో అన్నీ ఉంటాయి. సాంద్రత అంటే ఆకాశాన్నంటే టవర్లే కానక్కర్లేదని చెప్పే సాక్ష్యాలివి.

ఇళ్లు లేని లేఅవుట్లు

పాత పేటలకు పూర్తిగా భిన్నమైన దృశ్యం పట్టణాల అంచుల్లో ఉంది. జాతీయ రహదారి 16 వెంట, పట్టణాల నుంచి బయటికి వెళ్లే రోడ్ల వెంట పొలాలు వెంచర్లుగా మారాయి. హద్దురాళ్లు, గ్రావెల్ రోడ్లు, ఒక ఆర్చి ఉంటాయి. ప్లాట్లన్నీ అమ్ముడైపోయి ఉంటాయి. ఇళ్లు మాత్రం నూటికి అయిదో పదో కనిపించే లేఅవుట్లు చాలా ఉన్నాయి. కొన్నవారు పిల్లల పెళ్లికో చదువుకో అక్కరకొస్తుందని దాచుకున్న సొమ్ము అది. బ్యాంకు డిపాజిట్టు కంటే, బంగారం కంటే భూమి మీదే ఎక్కువ నమ్మకం ఉన్నచోట ఇది సహజం.

ఇక్కడ ధరకు, సాంద్రతకు లంకె తెగిపోయింది. ఎకరంలో రెండు ఇళ్లు కూడా లేవు, గజం ధర మాత్రం ఏటా పెరుగుతుంది. ఆ ధరను నడిపించేది రేపటి మీద ఆశ. విజయనగరం జిల్లాలోని భోగాపురం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. సుమారు 2,200 ఎకరాల్లో చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దాని పేరు చెప్పి అమ్మిన ప్లాట్లు మాత్రం అంతకు ఏళ్ల ముందు నుంచే చేతులు మారాయి. విమానం ఎగరకముందే, ఇళ్లు లేవకముందే భూమి ధర లేచింది.

దీనివల్ల నష్టపోయేది ఇల్లు నిజంగా కావలసిన కుటుంబం. కట్టుకోకుండా ఉంచిన ప్లాట్లు పట్టణానికి దగ్గరి నేలను పట్టి ఉంచుతాయి. ఇల్లు కావలసినవారు ఇంకా దూరం పోవలసి వస్తుంది. నగరపాలక సంస్థ ఖాళీ లేఅవుట్లను దాటుకుంటూ నీటి గొట్టాలు, వీధి దీపాలు, కాలువలు సాగదీయాలి. ఆ ఖర్చు ఊరంతా మోస్తుంది. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో ఖాళీ స్థలాల మీద పన్ను ఉన్నది ఇలాంటి నేలను వాడకంలోకి తెచ్చే ఉద్దేశంతో కూడా. పన్ను సక్రమంగా వసూలైతేనే ఆ ఉద్దేశం నెరవేరుతుంది.

ప్రభుత్వ కాలనీలు నేర్పే పాఠం

సాంద్రత ఎక్కువైతే చాలు, విలువ దానంతట అదే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. విజయనగరం దగ్గర గుంకలాంలో 2020 డిసెంబరు 30న ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు వేశారు. రోడ్లు, ఉమ్మడి స్థలాలతో కలిపి చూసినా ఎకరానికి 31 ప్లాట్లు. 200 గజాల ప్లాట్ల మామూలు వెంచరులో ఎకరానికి పద్నాలుగో పదిహేనో మించి రావు. ఆ పంపిణీలో పట్టణ పేదలకు ఇచ్చిన స్థలం ఒక సెంటు, అంటే 48 గజాలు. కాగితం మీద ఇది పట్టణం నడిబొడ్డుకు తగిన సాంద్రత. కానీ ఉన్నది పట్టణానికి బయట.

శ్రీకాకుళం దగ్గర పాత్రునివలసలో, విజయనగరం దగ్గర సారిపల్లిలో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు మరో పద్ధతి. గ్రౌండ్ మీద మూడంతస్తుల భవనాల్లో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. తక్కువ నేలలో ఎక్కువమందికి పక్కా ఇల్లు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. అయితే ఇంటి విలువను నిలబెట్టేది గోడ ఒక్కటే కాదు. పొద్దున్నే పనికి వెళ్లడానికి ఆటో దొరకాలి, పిల్లలకు నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉండాలి, కుళాయి రావాలి, మురుగు పోవాలి. రోజు కూలిలో పెద్ద భాగం రాకపోకలకే పోతే ఆ ఇంట్లోకి మారడానికి కుటుంబం వెనకాడుతుంది. నివాసం లేని ఇంటికి కొనేవారు దొరకరు, అద్దె రాదు. పనికి దగ్గరయ్యే కొద్దీ నేల విలువ పెరుగుతుందన్న అలాన్సో సూత్రం ఇక్కడ పేదల జీవితాల్లో రుజువవుతుంది.

ఎత్తును నిర్ణయించే రోడ్డు

ఎంత ఒత్తుగా కట్టవచ్చో తేల్చేవి భవన నిబంధనలు. దేశంలో చాలా నగరాలు స్థలానికి ఇన్ని రెట్లకు మించి అంతస్తుల విస్తీర్ణం ఉండకూడదని హద్దు పెడతాయి. దీన్ని ఎఫ్ఎస్ఐ అంటారు. తెలుగు నేల మాత్రం వేరే దారి పట్టింది. హైదరాబాదులో 2006 నాటి నిబంధనలు ఈ హద్దును తీసేశాయి. 2012లో వచ్చిన జీవో 168 ఉమ్మడి రాష్ట్రంలోని పట్టణాలకు అదే పద్ధతి వర్తింపజేసింది. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదలవలసిన ఖాళీ కలిసి భవనం ఎత్తును నిర్ణయిస్తాయి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే సుమారు 2,400 గజాలు ఉండాలని ఆ జీవో చెప్పింది.

దీని ఫలితం ధరల్లో నేరుగా కనిపిస్తుంది. ఒకే పేటలో 40 అడుగుల రోడ్డు మీది స్థలానికి, 15 అడుగుల సందులోని స్థలానికి గజం ధరలో చాలా తేడా ఉంటుంది. మొదటి దాంట్లో అపార్టుమెంటు వస్తుంది, రెండో దాంట్లో రాదు. కొనేవాడు నేలతో పాటు దాని మీద లేపగల అంతస్తులను కూడా కొంటున్నాడు. పాత పేటల్లో 100, 150 గజాల బిట్లే ఎక్కువ కాబట్టి పక్కపక్క యజమానులు కలిస్తే తప్ప అక్కడ పెద్ద కట్టడం సాధ్యం కాదు. అన్నదమ్ముల వాటాలు తేలని స్థలాలు ఇంకా కష్టం. అందుకే కొత్త సాంద్రత ఇరుకైన పాత పేటల్లో కాక, రోడ్లు వెడల్పుగా ఉన్న చోట్ల, కొత్త కాలనీల్లో వస్తుంది.

లోకం చూసిన అనుభవాలు

ముంబయి ద్వీప నగరంలో ఎఫ్ఎస్ఐని 1964లో 4.5గా పెట్టి 1991 నాటికి 1.33కు దించారు. జనం పెరుగుతుంటే కట్టగల విస్తీర్ణాన్ని కుదించడంతో ఉన్న ఇళ్ల ధరలు చుక్కలనంటాయి, మురికివాడలు పెరిగాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం 2016లో దీనికి ఎదురుదారి తొక్కి, నివాస ప్రాంతాల్లో అత్యధిక భాగంలో మరింత ఒత్తుగా కట్టుకోవడానికి అనుమతించింది. ఆ తర్వాత కొత్త కట్టడాలు బాగా పెరిగాయి. పెద్ద స్థలంలో ఉన్న పాత చిన్న ఇళ్ల విలువ పెరిగింది. అప్పటికే ఒత్తుగా కట్టి ఉన్న ఫ్లాట్ల వంటి వాటి విలువ వాటితో పోలిస్తే వెనకబడింది. మార్పు లేకపోతే అద్దెలు ఎంత ఉండేవో, అంతకంటే తక్కువ దగ్గర నిలిచాయని అక్కడి విశ్వవిద్యాలయ అధ్యయనాలు తేల్చాయి.

పక్కన పెద్ద అపార్టుమెంటు లేస్తే చుట్టుపక్కల ఏమవుతుందన్నది అమెరికా నగరాల్లోని పేద పేటల్లో పరిశీలించారు. కొత్త భవనానికి దగ్గరి ఇళ్ల అద్దె, కాస్త దూరపు ఇళ్లతో పోలిస్తే సుమారు ఆరు శాతం తక్కువగా ఉందని తేలింది. ఈ అనుభవాలన్నీ ఒకే సంగతి చెబుతాయి. కట్టుకునే హక్కు పెరిగితే నేల విలువ పెరుగుతుంది. ఇళ్లు నిజంగా పెరిగితే ఇంటి ధర, అద్దె నిలకడకు వస్తాయి.

నీళ్లు, కాలువలు, ఇరుగుపొరుగు

పక్కింటివారి భయం మాటేమిటి? అది ఉత్తి అపోహ కాదు. ఒక బోరు మీద బతికిన వీధిలో పది బోర్లు పడితే నీరు లోతుకు పోతుంది. పది ఇళ్లకు వేసిన కాలువలో అరవై ఇళ్ల మురుగు పారితే వానాకాలంలో పొంగుతుంది. సెల్లారు లేని భవనం బళ్లు వీధిలోకొస్తాయి. గాలి, వెలుతురు మూసుకుపోయిన విడి ఇంటికి అంతకు ముందున్న ధర పలకకపోవచ్చు. ఇవి జరిగినప్పుడు ఫ్లాట్ల విలువ కూడా నిలవదు.

కానీ ఈ నష్టానికి కారణం ఇళ్లు ఒత్తుగా ఉండటం కాదు. ఇళ్లతో పాటు సదుపాయాలు పెరగకపోవడం. కిలోమీటరు నీటి గొట్టం వెయ్యడానికి అయ్యే ఖర్చును 20 ఇళ్లు పంచుకోవడం కంటే 200 ఇళ్లు పంచుకోవడం తేలిక. నాగావళి నీటి మీద బతికే శ్రీకాకుళానికి, చంపావతి, గోస్తని నదుల మీద ఆధారపడ్డ విజయనగరానికి ఈ లెక్క చాలా ముఖ్యం. భవన అనుమతులప్పుడు వసూలు చేసే రుసుములు ఆ పేటలోని కాలువకు, రోడ్డుకు, నీటి ట్యాంకుకు తిరిగి చేరితే సాంద్రత అందరి విలువనూ పెంచుతుంది. చేరకపోతే స్థలం అమ్ముకున్న ఒక్కరికే లాభం, మిగిలిన వీధికి ఇబ్బంది.

ధరను ఎలా చదవాలి

జాతీయ గృహ బ్యాంకు 2007 నుంచి రెసిడెక్స్ అనే ఇళ్ల ధరల సూచీని నడుపుతోంది. అది పెద్ద నగరాలకే పరిమితం. శ్రీకాకుళం, విజయనగరం వంటి చోట్ల సామాన్యుడికి అందేవి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలోని మార్కెట్ విలువలు, బజారులో చెప్పుకునే ధరలు. మొదటివి ప్రభుత్వం అప్పుడప్పుడూ సవరించేవి. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1న అలాంటి సవరణ జరిగింది. రిజిస్ట్రేషను పత్రాల్లో చాలావరకు ఈ విలువే కనిపిస్తుంది, చేతులు మారిన అసలు సొమ్ము కనిపించదు. పైగా ఆ పత్రాల్లో ఖాళీ ప్లాట్లు, ఇళ్లు, ఫ్లాట్లు కలిసిపోయి ఉంటాయి. మూడింటినీ కలిపి తీసిన మధ్యగతం ఏ ఒక్కదాని స్థితినీ చెప్పదు.

కాబట్టి ఒక పట్టణం ఇళ్ల ధరలను అర్థం చేసుకోవాలంటే నాలుగు లెక్కలు విడివిడిగా చూడాలి. గజం స్థలం ధర ఆ చోటుకున్న గిరాకీని చెబుతుంది. ఒకే విస్తీర్ణమున్న ఇళ్ల ధర ఏళ్ల మీద ఎలా మారిందన్నది అసలైన ధరల పెరుగుదలను చెబుతుంది. ఊళ్లో మధ్యతరగతి కుటుంబం ఏడాది ఆదాయానికి మధ్యగతపు ఇల్లు ఎన్ని రెట్లు ఉందన్నది ఆ ఇల్లు అందుబాటులో ఉందో లేదో చెబుతుంది. అద్దె ఎంతన్నది ఇల్లు నిజంగా ఎంత అక్కరకొస్తోందో చెబుతుంది. రేపటి ఆశ ప్లాటు ధరను పెంచగలదు గానీ, ఉండేవాళ్లు లేకుండా అద్దెను పెంచలేదు. భూమి ధర పరుగెడుతూ అద్దె కదలని చోట ఆ ధరను ఆశే మోస్తోందని గ్రహించి అప్పు చేసి కొనేవారు జాగ్రత్తపడాలి.

పట్టణం బాగుకు గుర్తు గజం ధర ఎంత పలికిందన్నది కాదు. ఆ ఊళ్లో పనిచేసే కుటుంబం ఆ ఊళ్లోనే ఇల్లు తెచ్చుకోగలగడం. రోడ్డు, నీరు, కాలువ ఉన్నచోట నాలుగైదు అంతస్తులు రానివ్వడం, ఖాళీ లేఅవుట్లను వాడకంలోకి తేవడం, పేదల కాలనీలను పనికి దగ్గరగా వెయ్యడం, ఈ మూడూ కలిస్తే గజం ధర పెరిగినా ఇల్లు చేయి దాటిపోదు. అప్పుడు మధ్యగతం కొంత తగ్గినా, అది ఎక్కువ కుటుంబాలకు గూడు దొరికిందని చెప్పే లెక్కే అవుతుంది.